మక్తకుంట హాల్ట్

బోర్డు ఇంకా ఉన్నది.
తుమ్మలు రెండు దిక్కుల అల్లుకున్నయి గని
పసుపు పెచ్చుల మీద పేరు చదవొచ్చు,
ఒక్కో భాషల ఒక్కో తీరు.
ఉర్దూల మఖ్తా కుంటా, తెలుగుల మక్తకుంట,
ఇంగ్లీషు రాసినాయన ఒక్క అక్షరం తప్పితే ముక్తకుంట.
మా నాయిన నవ్వేటోడు:
"ఇంగ్లీషు వచ్చినోనికే ముక్తి, మనకు బాకీ."

ఈడ స్టేషన్ మాస్టర్ ఎన్నడు లేడు.
సిగ్నల్ లేదు, గంట లేదు.
ఒక రేకుల అర్ర, అర్రకు ఒక కంత,
కంతల నుంచి ఒక చెయ్యి.
ఆ చెయ్యి మా నాయినది,
అంతకు ముందు మా తాతది.
కమీషన్ ఏజెంటు అంటరు కాయితాల మీద.
పెద్ద స్టేషన్ల పైసలు కట్టి
టికెట్ల కట్టలు తెచ్చుకొని అమ్ముకోవాలె.
అమ్ముడువోకుంటె ఆ అట్టముక్కలు నీయే.

తాత కాలంల బొగ్గింజన్లు.
కూతేస్తే కుంటల బర్రెలు తలలెత్తేటియట.
హాలీ సిక్కా అయితె కండ్లు మూసుకొని తీసుకునేటోడట,
కల్దార్ రూపాయి ఇస్తె మాత్రం
బండకు కొట్టి మోగిచ్చి
చిల్లర లెక్క రాక మున్షీ దిక్కు చూసేటోడట.
పోలీస్ యాక్షన్ నాడు నాలుగు దినాలు బండి రాలే.
అయిదోనాడు వచ్చింది.
అండ్ల ఎవరున్నరు తాతా అంటే
చుట్ట ముట్టిచ్చుకునేటోడు.
అది ఆరిపోయేదాక ముచ్చట లేదు.

నాకు ఎరుకున్నది డీజిల్ కాలం.
పొద్దుగాల అయిదున్నర బండికి
పాల క్యాన్ల మోత,
తోటకూర మూట మీద కూసోని
యాపపుల్ల నములుకుంట లస్మవ్వ,
ఫ్యాక్టరీ షిఫ్టుకు ఒక చేతిల టిఫిన్, ఒక చేతిల చెప్పులు
పట్టుకొని ఉరికే ఖలీల్ చాచా.
తేదీ మిషన్ల టికెట్ పెట్టి నాయిన కొడితే
టక్.
మా ఇంట్ల కోడి లేదు,
ఆ టక్కుకే నేను లేచేదాన్ని.

తర్వాత బస్సులొచ్చినయి, సెవెన్ సీటర్లొచ్చినయి.
లస్మవ్వ మోకాళ్లు పోయినయి.
ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డది.
ఒకనాడు సఫారీ తొడుక్కొని ఒక సారొచ్చి
రిజిస్టర్ తిరగేసి అన్నడు:
"దినాం ఇరవై అయిదు టికెట్లు పోకుంటె బంద్ పెడతం పెంటయ్యా."
పోయినయి.
మూడేండ్లు పోయినయి, ఇరవై ఆరు, ఇరవై ఏడు,
ఆదివారం సుత ఇరవై అయిదు.
బెంచీ మీద కుక్క తప్ప ఎవ్వరు లేనప్పుడు సుత.
"మనుషులు కనవడ్తలేరు, లెక్క తప్పుతలేదేందయ్యా?"
అని అమ్మ అడిగితే
వాన పడేటట్టున్నది, బట్టలు తియ్యి అన్నడు.

ఆఖరికి టికెట్లు తక్కువని బంద్ పెట్టలే.
లైను వంకరున్నదట.
పట్టాలు పెరికి మూడొందల గజాలు అవుతల ఏసిన్రు.
గిదొక్కటి నాయిన అనుకోలే.
చాన రోజులు అయిదున్నరకు లేచి
తాళంచెవి పట్టుకొని గడప మీద నిలవడేటోడు.

ఇప్పుడు అర్ర మీద రేకుల్లేవు.
బోర్డు కాళ్లు వికెట్లు,
అపార్ట్‌మెంట్ పోరగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు.
నిన్న బాల్ తగిలి ఒక పెచ్చు ఊడింది.
కింద ఇంకో పసుపు, ఇంకా ముదురు,
దాని మీద సగం అక్షరం, ఏ భాషో పోల్చలే.

నాయిన పోయిన నెలకు సందుగు తెరిసినం.
పంచెల కింద టికెట్లు.
రబ్బర్లు ఏసి, తేదీ కొట్టి, ఎవ్వరు చింపనియి,
శంకర్‌పల్లివి, వికారాబాద్‌వి, తాండూరువి.
అమ్మ పుస్తెలతాడుకున్న గుండ్లు
ఒక్కటొక్కటి ఎటు పోయినయో
అప్పుడు తెలిసింది మాకు.

అమ్మ తిట్టలే.
ఒక టికెట్ తీసి నా చేతిల పెట్టి
ఏ ఊరో చదివిపిచ్చుకున్నది.
అటు మల్లిచ్చి, ఇటు మల్లిచ్చి,
"గిన్ని కొన్నడు గద.
ఒక్కదాని మీదన్న
నన్ను తోల్కపోతే ఏం పోవు" అన్నది.